ముందు గొళ్ళెం కొలుచుకో, తర్వాత కరెంటు పెట్టు

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. ఇత్తడి గొళ్ళెం మీద నికెల్ పట్టలేదురా, మసి పట్టింది. అంచుల్లో వేలు పెట్టి రుద్దితే నల్లటి పొడి రాలుతోందన్నావు. నికెల్ ద్రావణం మీద అనుమానం వద్దు. 12 వోల్టుల అడాప్టర్ తగిలించేసి, ఎంత కరెంటు పోతోందో చూడకుండా టీ తాగడానికి వెళ్ళుంటావు.

ప్లేటింగ్‌లో, అంటే కరెంటుతో లోహప్పూత వేసే ఈ పనిలో, ఎన్ని వోల్టులు అన్నది తర్వాతి మాట. ఎన్ని ఆంపియర్లు అన్నదే ముఖ్యం, అది చెప్పేది వస్తువు ఒళ్ళే, అంటే దాని పైభాగమంతా కలిపిన వైశాల్యమే. ఇంట్లో, కలియబెట్టకుండా చేసే పనికి 100 చదరపు సెంటీమీటర్లకి 1 ఆంపియరు చాలు. ఫ్యాక్టరీలో 2 నుంచి 5 దాకా పోతారు గానీ, వాళ్ళ తొట్టి 50 డిగ్రీల వేడి మీద ఉంటుంది, అడుగు నుంచి గాలి కొడుతూ ఉంటారు. నీ ప్లాస్టిక్ డబ్బాకి అవేవీ లేవు.

నీ గొళ్ళెం 10 సెంటీమీటర్ల పొడవు, 2 వెడల్పు. ముందు 20, వెనక 20. వెనక వైపు లెక్కే వేసుండవు, నాకు తెలుసు. అంచులతో కలిపి 45 చదరపు సెంటీమీటర్లు అనుకో. అంటే 450 మిల్లీ ఆంపియర్లు. వంకర వస్తువైతే అల్యూమినియం ఫాయిల్ ఒక్క పొర చుట్టి, విప్పి, గ్రాఫ్ కాగితం మీద పరిచి గళ్ళు లెక్కపెట్టు.

కరెంటు నాబ్ విడిగా ఉన్న డీసీ పవర్ సప్లై కొనుక్కో. నాబ్ సున్నాలో పెట్టి, గొళ్ళెం ముంచి, మెల్లగా పెంచుతూ 450 దగ్గర ఆపు. కొనేదాకా ఆ అడాప్టరే వాడతానంటే, పాజిటివ్ తీగ మధ్యలో బండి పార్కింగ్ లైటు బల్బొకటి, 12 వోల్టుల 5 వాట్లది, వేసుకో. అది దాదాపు 400 దాటనివ్వదు. గంటకి సుమారు 12 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పూత పడుతుంది. ఇంట్లో తలుపుకి అరగంట చాలు.

నేను పనిలో చేరిన కొత్తల్లో ఓ షాపులో ఆర్డరు తొందరని కరెంటు రెట్టింపు చేయించారు. సాయంత్రానికి హ్యాండిల్ కొసలన్నీ కాలిపోయాయి, పూత గోటితో గీకితే పెచ్చులుగా లేచొచ్చింది. అవన్నీ మళ్ళీ రుద్దింది నేనే. కరెంటు మూలలకే ఎక్కువ ఎగబడుతుంది. నీకూ అంచులు నల్లబడుతుంటే, ఆ అంచుకి దగ్గర్లో రాగి తీగ ముక్క పెట్టి, గొళ్ళెం తగిలించిన నెగటివ్‌కే కలుపు. అదనపు కరెంటు అది మింగుతుంది.

పాజిటివ్ వైపు నికెల్ ముక్కే ఉండాలి, గొళ్ళెం కంటే చిన్నది కాకూడదు. స్టీలు గరిటె మాత్రం పెట్టకు, అందులోంచి క్రోమియం విషం దిగే ప్రమాదం ఉంది. చేతికి గ్లవ్స్ వేసుకో, కిటికీ తెరువు, వాడేసిన ద్రావణం సింకులో పొయ్యకు.

ఇప్పుడా మసంతా ఇత్తడి బయటపడేదాకా రుద్ది, సబ్బుతో కడుగు. నీళ్ళు చుక్కలుగా విడిపోతుంటే జిడ్డు ఇంకా ఉన్నట్టే, మళ్ళీ కడుగు. ఈసారి ఫొటోలో కరెంటు చూపే మీటరు కూడా కనబడాలి.

మీ పెదనాన్న