పాత గేమింగ్ పీసీకి లక్షా పదివేలు పెట్టాలా?

ప్రశ్న: మాది కడప. బెంగళూరు మారతహళ్లిలో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి ఉంటూ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. నెలకు 58 వేలు చేతికొస్తాయి. అద్దెకు 11 వేలు, ఇంటికి 15 వేలు, తిండి, పెట్రోలు వగైరాలకు 13 వేలు, సిప్‌కు 5 వేలు పోతాయి. బ్యాంకులో 45 వేలున్నాయి. అప్పుల్లేవు. 2017లో అసెంబుల్ చేయించుకున్న గేమింగ్ పీసీ (ఐ5-7400 ప్రాసెసర్, జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్) ఇప్పుడు కొత్త గేమ్‌లను మోయలేకపోతోంది. ఇక్కడి కంప్యూటర్ విడిభాగాల బజారు ఎస్పీ రోడ్డులో అడిగితే రెండు దారులు చెప్పారు. పాత మదర్‌బోర్డులోనే సెకండ్ హ్యాండ్ ఐ7-7700 ప్రాసెసర్, కొత్త ఆర్‌టీఎక్స్ 5060 గ్రాఫిక్స్ కార్డు వేస్తే 46 వేలు. అంతా కొత్తదైతే లక్షా పదివేలు, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ. ఏది తీసుకోమంటారు?

జవాబు: రెండూ వద్దంటాను. ముందుగా ఒక మాట. ఊరికి దూరంగా ఉంటూ, ఇంటికి డబ్బు పంపుతూ, వారాంతంలో స్నేహితులతో గేమ్ ఆడుకునే మనిషిని ఆ సరదా మానుకోమని నేను చెప్పను. పీసీ మార్చాల్సిందే. ఎప్పుడు, ఏ వరుసలో, ఎవరి డబ్బుతో అన్నదే తేల్చుకోవాలి.

షాపతను చెప్పిన మొదటి దారి చవగ్గా కనిపిస్తుంది కానీ, నాకు ఎక్కువ భయం దానితోనే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. నమోదు చేసుకున్నవాళ్లకు ఇచ్చిన అదనపు గడువు కూడా 2026 అక్టోబర్ దాకానే. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం నుంచి ప్రాసెసర్ ఉండాలి. మీ ఐ5 7వ తరానిది. అతను అంటగడుతున్న ఐ7-7700 కూడా 7వ తరానిదే! అంటే డబ్బు పెట్టాక కూడా మీరు ఉన్నచోటే ఉంటారు. పోనీ 8వ తరం ప్రాసెసర్ వేద్దామంటే, ప్రాసెసర్ కూర్చునే సాకెట్ చూడ్డానికి ఒకేలా ఉన్నా మీ బోర్డు దాన్ని తీసుకోదు. ఇదే పీసీలో మీరు నెట్ బ్యాంకింగ్ కూడా చేస్తుంటే, అప్‌డేట్లు రాని సిస్టమ్‌తో టెన్షన్ గేమ్‌ల దగ్గర ఆగదు.

ఇక లక్షా పదివేల దారి. నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ లేకుండా పోదు. అంత వడ్డీని ధరలో తగ్గించి చూపిస్తారు, బ్యాంకు మాత్రం వడ్డీ వేస్తుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీదే. ఏడాదికి 16 శాతం వడ్డీ అనుకుంటే ఆ జీఎస్టీయే 1,600 దాకా అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే. దీనికన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. మీకు నెలకు మిగిలేది 14 వేలు. అందులో 9,167 ఏడాదిపాటు ఈఎంఐకే పోతాయి. బ్యాంకులో ఉన్నదేమో 45 వేలు. మీ అద్దె, ఇంటి ఖర్చు, తిండి కలిపితే నెలకు 39 వేలు కాబట్టి, ఉద్యోగానికి ఏదైనా అయితే నెల తిరిగేసరికే చేయి చాచాల్సి వస్తుంది. ఐటీలో ఉన్నవాళ్లకు ఈ సంగతి నేను చెప్పాలా?

ఆ కొటేషన్‌లో డీడీఆర్5 (మీ డీడీఆర్4 తర్వాతి తరం) ర్యామ్ ధర కూడా ఒకసారి చూడండి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మీ దగ్గర 16 జీబీ డీడీఆర్4 ఉంది కదా, ఈ రోజుల్లో అది చిన్న ఆస్తి. దాన్ని పారేసి కొత్తది కొనడం నాకు మనసొప్పదు.

అందుకే నా సలహా ఇది. ఇప్పుడు కొనే ప్రతి వస్తువూ రేపటి పీసీలోకి కూడా రావాలి. రానిదాని మీద రూపాయి కూడా పెట్టొద్దు. మిగిలే 14 వేలలో 7 వేలు అత్యవసర నిధికి, 7 వేలు పీసీకి పక్కన పెట్టండి. సిప్ ఆపొద్దు.

మొదటి నెల ఒక ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగమైన స్టోరేజ్) కొనండి. మీ బోర్డులో ఎం.2 స్లాట్ (ఎస్ఎస్‌డీని నేరుగా బోర్డుకే తగిలించే చోటు) ఉంటే అది, లేకపోతే కేబుల్‌తో కలిపే సాటాది. విండోస్, ఆడే గేమ్‌లు దాని మీదకు మార్చండి. హార్డ్ డిస్క్ మీద ఇన్నేళ్లు ఓపిక పట్టారు కాబట్టి ఆ తేడా మీకే తెలుస్తుంది. అలాగే క్యాబినెట్ విప్పి దుమ్ము దులిపించి, ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ (వేడిని కూలర్‌కు చేర్చే పూత) మార్పించండి. ఔటర్ రింగ్ రోడ్డు మెట్రో పనుల దుమ్ము మీ పీసీ ఫ్యాన్లలో ఎంతుందో ఊహించగలను. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అన్నీ కలిపి 6 వేలు అనుకుందాం.

తర్వాత గేమ్ నడుస్తుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ చూడండి. సీపీయూ (ప్రాసెసర్) 100 శాతం దగ్గర అతుక్కుపోయి జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) 60, 70లో తిరుగుతుంటే ప్రాసెసర్ అడ్డుపడుతోందని అర్థం. నాలుగు కోర్ల ఐ5తో చాలా కొత్త గేమ్‌లలో ఇదే కనిపిస్తుంది. ఇలాంటప్పుడు ఖరీదైన కార్డు వేసినా అది సగం పనే చేస్తుంది.

నాలుగో నెలకు ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5600 ప్రాసెసర్, దానికి సరిపోయే బీ550 బోర్డు తీసుకోండి. రెండూ కలిపి 20 వేల లోపు దొరికేలా బేరమాడండి. మీ డీడీఆర్4 ర్యామ్ ఇందులో నడుస్తుంది. స్పీడు కొంచెం తక్కువైనా ఫర్వాలేదు. విండోస్ 11 పడుతుంది. పాత ప్రాసెసర్, బోర్డు అమ్మితే నాలుగు వేలైనా వస్తాయి. మీ విండోస్ లైసెన్స్ రిటైల్‌దైతే (విడిగా కొన్నదైతే) కొత్త బోర్డుకు మార్చుకోవచ్చు. పాత బోర్డుకు ముడిపడినదైతే ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

గ్రాఫిక్స్ కార్డు ఆఖర్న. 5060 లాంటి కార్డు బోర్డుతో డేటా మార్చుకునే దారులు (లేన్లు) ఎనిమిదే వాడుకుంటుంది కాబట్టి, మీ పాత బోర్డులోని పాత తరం పీసీఐఈ 3.0 స్లాట్ మీద కొంత వేగం పోతుంది. బీ550లో 4.0 ఉంటుంది. అప్పటిదాకా 1060తోనే సెట్టింగ్స్ తగ్గించి ఆడండి. రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని నిజంలా చూపించే పద్ధతి) తప్పనిసరైన కొన్ని కొత్త గేమ్‌లు దాని మీద మొదలే కావు, అవి కొన్ని నెలలు ఆగాలి. కార్డుతో పాటే ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె) కూడా మార్చండి. 2017 నాటి దాన్ని నమ్మి 30 వేల కార్డు తగిలించొద్దు, అది పోతూ పోతూ పక్కవాటినీ తీసుకుపోగలదు. కార్డుకు 30 వేలు, ఎస్ఎంపీఎస్‌కు 5 వేలు వేసుకుంటే తొమ్మిదో నెలకు డబ్బు సమకూరుతుంది. లైసెన్స్ కొనాల్సి వస్తే ఒకట్రెండు నెలలు అటూ ఇటూ. మొత్తం ఖర్చు 61 వేలు. పాత భాగాలు అమ్మగా కాస్త తగ్గుతుంది. అదే తొమ్మిదో నెలకు, ఇప్పుడు బ్యాంకులో ఉన్న 45 వేలతో కలిపి మీ అత్యవసర నిధి లక్షా 8 వేలకు చేరుతుంది, దాదాపు మూడు నెలల ఖర్చు. అప్పు ఒక్క రూపాయి ఉండదు.

మీ ర్యామ్ డీడీఆర్3 అయినా, ఈ పీసీ మీద ఎడిటింగ్ లాంటి పనితో సంపాదిస్తున్నా నా లెక్క వేరేగా ఉండేది. అప్పుడు మొత్తం కొత్తది కొనమనేవాణ్ణి, అది కూడా సగం డబ్బు చేతిలో పెట్టుకున్నాకే.

ఎస్పీ రోడ్డులో కొనేటప్పుడు బిల్లు లేకుండా రెండు మూడు వేలు తగ్గిస్తామంటారు. ఒప్పుకోకండి. గ్రాఫిక్స్ కార్డుకు వారంటీ సాధారణంగా మూడేళ్లు ఉంటుంది, బిల్లు లేకపోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. జీఎస్టీ బిల్లు మీద కార్డు సీరియల్ నంబర్ రాయించుకుని, షాపులో ఉండగానే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.