నాలుగేళ్లు దాటిన మా ఫెరెట్ (ముంగిసలా కనిపించే చిన్న పెంపుడు జంతువు) వెనక కాళ్లు ఈడుస్తోంది, చొంగ కారుస్తోంది. ఏమై ఉంటుంది? (బరంపురం)

నాలుగేళ్లు దాటిందంటున్నారు కాబట్టి నా మొదటి అనుమానం ఇన్సులినోమా. క్లోమంలో గడ్డ పుట్టి ఇన్సులిన్ ఎక్కువగా ఊరుతుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది. ముందు కాళ్లతో మూతి గీరుకుంటూ, పిలిచినా పలక్కుండా గోడకేసి చూస్తుంటే దాదాపు అదే. కూలబడితే వేలికి తేనె రాసి చిగుళ్లకు పులమండి. నోట్లో పోయకండి, పొలమారుతుంది. మూర్ఛ వస్తుంటే మాత్రం వేలు పెట్టొద్దు, కరిచేస్తుంది. తేరుకున్నా సరే, అదే రోజు డాక్టరు దగ్గర షుగర్ చూపించండి. 60 mg/dL కంటే తక్కువుంటే అనుమానం బలపడినట్టే.

బరంపురంలో ఫెరెట్‌ని చూసిన డాక్టరు దొరకడం కష్టమే. భువనేశ్వర్ వెటర్నరీ కాలేజీలో అడగండి. మే ఎండలో పగటి ప్రయాణం వద్దు, 30 డిగ్రీలు దాటితే చాలు, వీటికి వడదెబ్బ.

తోక బోడి అవుతోందా? అది అడ్రినల్ (మూత్రపిండాల పక్కనుండే గ్రంథి) జబ్బు కావచ్చు, వేరే కథ. వీధికుక్కల నుంచి డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకితే మాత్రం బతకదు; టీకా సంగతి కూడా డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడే మాట్లాడండి.