ప్రాణాలతో వెళ్లినవారిని అడిగి తెలుసుకో

అమ్మాయీ,

ఐసీయూలో డ్యూటీ మొదలుపెట్టి నెల తిరగకముందే, మన దగ్గర కోలుకుని వెళ్లినవారు తర్వాత ఎలా ఉంటారని అడిగావు. పదేళ్ల సర్వీసు దాటితే గాని నాకు ఆ ప్రశ్న తట్టలేదు.

వెంటిలేటర్ మీద పదకొండు రోజులుండి బతికిన ఒకాయన, కొన్ని నెలలకు చెకప్‌కు వచ్చినప్పుడు, అలారం మోత వినగానే వార్డు గుమ్మం దగ్గరే చెమటలు పట్టి నిలబడిపోయారు. గొట్టం పీకేసుకోకుండా మేము ఆయన చేతులకు కట్టిన పట్టీలు, తనను ఎవరో ఎత్తుకొచ్చి బంధించినట్టుగా ఆయన మనసులో మిగిలిపోయాయి. ఆ రాత్రి చార్టులో నేను రాసింది 'ప్రశాంతంగా నిద్రపోయారు' అని!

కదలకుండా పడుకున్న రోగికి కూడా డెలీరియం (జబ్బు తీవ్రతలో మనసు గందరగోళమయ్యే స్థితి) ఉండవచ్చని చదువుకున్నదే అయినా, ఆయన చెప్పాకే అది నాకు నిజంగా అర్థమైంది. అందుకే డెలీరియాన్ని పట్టుకునే క్యామ్-ఐసీయూ పరీక్షను మొక్కుబడిగా చేయకు. నువ్వు అక్షరాలు చదువుతుండగా, చెప్పిన అక్షరం వినబడ్డప్పుడల్లా చేయి నొక్కమన్నప్పుడు ఆ వేళ్లు తడబడుతున్నాయేమో ఓపికగా గమనించు. మత్తుమందు (సెడేషన్) ప్రభావంలో ఉన్నా సరే, గొట్టంలోంచి కఫం లాగే సక్షన్ చేసే ముందు పేరు పెట్టి పిలిచి, ఏం చేయబోతున్నావో, ఎంతసేపట్లో అయిపోతుందో చెప్పు. పట్టీలు కట్టక తప్పదా అని ప్రతి షిఫ్టులోనూ మళ్లీ ఆలోచించు.

రోగికి గుర్తుండని రోజుల్లో ఏం జరిగిందో తన కోసం రాసి ఉంచేదే ఐసీయూ డైరీ. స్కాండినేవియా దేశాల నర్సులు మొదలుపెట్టిన ఆ డైరీ కూడా ఇలాంటి అనుభవాలకు జవాబుగా ఎదిగిందే. అందులో పొట్టి అక్షరాల వైద్య భాష పనికిరాదు. 'ఈ ఉదయం మీ అమ్మాయి గంటసేపు మీ చేయి పట్టుకుని కూర్చున్నారు. మీరు ఒకసారి కళ్లు తెరిచారు' అన్నంత తేలికగా రాయాలి. ఆ డైరీని రోగి చేతికి ఇచ్చే తొందర మాత్రం మనకు వద్దు, ఎందుకంటే కొందరు ఆ రోజులను గుర్తు చేసుకోవడానికే ఇష్టపడరు.

ఒక్కరి కథను పట్టుకుని అందరికీ నియమం చేయకూడదు. దీపం ఆర్పితే ఒకరికి హాయి, ఇంకొకరికి భయం. ఇంటికి వెళ్లాక వచ్చే నీరసం, మతిమరుపు, దిగులు కలిపి 2012లో పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అన్న పేరు అచ్చులోకి వచ్చింది గనుక, వాళ్ల మాటలను భ్రమలని కొట్టిపారేసే రోజులు పోయాయనే అనుకుంటాను.

ఎవరైనా తిరిగి వస్తే నిలబెట్టి అడగకు. అలారాలు వినబడని చోట కుర్చీ వేసి కూర్చోబెట్టి, బాధపెట్టినవే కాక ధైర్యం ఇచ్చినవీ అడుగు. వాళ్లు అనుమతిస్తేనే ఆ మాటలను షిఫ్టు మారేటప్పటి హ్యాండోవర్‌లో తోటివారికి చెప్పు.

మీ అక్క