దోస్త్‌లో వచ్చిన సీటు కనిపించకపోతే

మీరు ఆన్‌లైన్ సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే వచ్చిన సీటును లాగిన్‌లో ఖాయం చేసుకోవడం, పూర్తి చేసినట్టు లేరు. గడ్చిరోలి జిల్లా సిరొంచలో మహారాష్ట్ర బోర్డు పన్నెండో తరగతి చదివి, తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానమైన దోస్త్‌లో మొదటి విడత సీటు వచ్చినా గడువు దాటాక లాగిన్‌లో అది మాయమైందన్నారు. నాకు తోచే కారణం ఇదొక్కటే. కేటాయింపు పత్రం డౌన్‌లోడ్ చేసుకున్నంత మాత్రాన సీటు మనది కాదు.

మన వైపు పిల్లలు పొరపడేది ఇక్కడే. ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హత ఉన్న తెలంగాణ విద్యార్థులు కొందరు డబ్బు కట్టకుండానే రిపోర్టింగ్ ముగిస్తారు. మనకు ఆ అర్హత లేదు. తెరపై చూపిన మొత్తం చెల్లించి రసీదు వచ్చేదాకా పని కానట్టే. గోదావరి అవతల కాళేశ్వరంలో ఉన్న మేనమామ కొడుకు ఎలా చేశాడో అడిగి లాభం లేదు.

ఇప్పుడు చేయవలసింది:

1. తర్వాతి విడత తెరవగానే లాగిన్ చూడండి. పాత నమోదు రద్దయితే మళ్లీ రుసుము కట్టాలి. మొదటి విడతలో 200 రూపాయలు, ఆ తర్వాత 400.

2. వెబ్ ఆప్షన్లు, అంటే మీరు కోరుకునే కాలేజీలు, కోర్సుల వరుస, ధారాళంగా ఇచ్చి సేవ్ చేయండి. పాత కాలేజీనే మొదట పెట్టుకోవచ్చు, సీటు మిగిలి ఉంటే వస్తుంది.

3. సీటు రాగానే డబ్బు కట్టి రిపోర్టింగ్ ముగించండి. చివరి రోజుదాకా ఆగవద్దు.

4. తర్వాత కాలేజీకి స్వయంగా వెళ్లాలి. ఫోనుకు వచ్చిన ఓటీపీ అక్కడ చెబితేనే ప్రవేశం ఖరారవుతుంది. నమోదులో నాన్నగారి నంబరు ఇచ్చి ఉంటే ఆ ఫోనూ వెంట ఉండాలి.

వేరే రాష్ట్రంలో చేరడానికి బోర్డు ఇచ్చే మైగ్రేషన్ సర్టిఫికెట్ కోసం మీ జూనియర్ కాలేజీలో ఇప్పుడే అడగండి. గడ్చిరోలి జిల్లా మహారాష్ట్ర బోర్డు నాగపూర్ డివిజన్ కిందికి వస్తుంది, కాగితం అక్కడి నుంచి రావాలి.