ఐదు నెలల పాపకు అంకెల కార్డులు అవసరమా?

ప్రశ్న: మాది తిరుపతి. పాపకు ఐదు నెలలు. మా ఆడబిడ్డ ఒకటి నుంచి వంద దాకా అంకెల కార్డులు కొనిచ్చి, రోజూ చూపించమంది. రెండు కార్డులు చూపేలోపే పాప ముఖం తిప్పేసుకుంటుంది. అవ్వ గిలక్కాయను కొంగు చాటున దాచి తీస్తే మాత్రం కళ్లార్పకుండా చూస్తుంది. నాకు చిన్నప్పటి నుంచీ లెక్కలంటే భయం. పాపకూ అదే వచ్చిందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ కార్డులు తీసి బీరువాలో పెట్టేయండమ్మా. ఐదు నెలల బిడ్డకు '5' అంటే ఒక వంకర గీత, అంతే. ముఖం తిప్పుకుంటోందంటే తెలివి లేక కాదు, 'ఇక చాలు' అంటోంది. ఏడవకుండా ఆ మాట చెప్పడానికి ఆ వయసులో అంతకన్నా దారి లేదు.

అవ్వ ఆట మాత్రం ఆపకండి. 1992లో అమెరికాలో కారెన్ విన్ అనే సైకాలజిస్టు దాదాపు అదే ఆట ఐదు నెలల పిల్లలతో ఆడించారు. ఒక బొమ్మ పెట్టి తెర అడ్డం పెట్టారు. పిల్లలు చూస్తుండగానే ఇంకో బొమ్మ తెర వెనక చేర్చారు. తెర తీస్తే రెండుండాలి కదా! చాటుగా ఒకటి తీసేసి ఒక్కటే చూపించినప్పుడు పిల్లలు ఎక్కువసేపు దాన్నే చూస్తూ ఉండిపోయారు. దీన్ని కూడిక అనొచ్చా అన్న వాదన ఇప్పటికీ ఉంది. నేనైతే కూడిక అనను. 'ఇంకోటేదీ?' అన్న ఆరా మాత్రం ఉందంటాను.

సంఖ్య పెరిగితే బిడ్డ చూపు అందాజు మీద నడుస్తుంది. మరో ప్రయోగంలో ఆరు నెలల పిల్లలు 8 చుక్కలకూ 16 చుక్కలకూ తేడా పట్టారు, 8కీ 12కీ పట్టలేకపోయారు. తొమ్మిది, పది నెలలకు అదీ పట్టేస్తారు. మన చిత్తూరు మండీలో రెండు తోతాపురి కుప్పలు చూసి, లెక్కపెట్టకుండానే 'ఇందులో ఎక్కువున్నాయి' అనేస్తాం చూడండి, ఆ చూపే ఇది.

మెదడులో ఏం జరుగుతుందో కూడా చూశారు. 2008లో ఫ్రాన్స్ పరిశోధకులు మూడు నెలల పిల్లల తలకు సెన్సర్ల టోపీ పెట్టి బొమ్మలు చూపించారు. బొమ్మ అదే ఉండి సంఖ్య మారితే కుడివైపు పెరైటల్ భాగం, అంటే తల పైన కాస్త వెనకగా ఉండేది, స్పందించింది. సంఖ్య అదే ఉండి బొమ్మ మారితే వేరే చోట, టెంపోరల్ భాగంలో స్పందన కనిపించింది. 'ఏమిటి' అన్నదానికి ఒక దారి, 'ఎన్ని' అన్నదానికి ఇంకో దారి. పెద్దయ్యాక మనం లెక్కలు చేసేటప్పుడూ ఈ పెరైటల్ ప్రాంతమే పనిలో ఉంటుంది.

ఇది చదివి మీరు ఇంట్లో బొమ్మలు దాచి పరీక్ష పెట్టేరు, వద్దు. పై ఫలితాలన్నీ చాలామంది పిల్లల సగటు. ఒక్క బిడ్డ ఎంతసేపు చూస్తుందన్నది ఆకలిని బట్టి, నిద్రను బట్టి, మన ఊరి ఉక్కను బట్టి పూటకోలా మారిపోతుంది.

మాటలతో లెక్క వచ్చేది చాలా తర్వాత. రెండేళ్ల బిడ్డ పది దాకా గడగడా అప్పజెప్పినా, 'మూడు బిస్కెట్లు ఇయ్యి' అంటే గుప్పెడు తీసిస్తుంది. లెక్కపెడితే చివర వచ్చిన అంకే 'ఎన్ని'కి జవాబని తెలిసేది మూడున్నర, నాలుగేళ్లకు. అప్పటిదాకా స్నానం చేయిస్తూ 'ఒక కాలు, రెండు కాళ్లు' అనండి. నడక వచ్చాక అలిపిరిలో చెయ్యి పట్టుకుని నాలుగు మెట్లు లెక్కపెట్టండి. (మొత్తం లెక్కపెడదామని నేను బయల్దేరిన ప్రతిసారీ రెండొందలు దాటకముందే తప్పాను.) ఫోన్‌లో అంకెల వీడియోలు మాత్రం రెండేళ్లు నిండేదాకా వద్దు.

ఇక మీ భయం సంగతి. లెక్కల భయం పిల్లలకు ఇంట్లో వినే మాటల వల్ల కూడా అంటుకుంటుంది. 'నాకు లెక్కలు రావు' అన్న మాట పాప ముందు అనకండి.

మీరు రాసినదాన్ని బట్టి పాప చక్కగా చూస్తోంది, గమనిస్తోంది. కదిలే వస్తువు వెంట చూపు తిప్పకపోయినా, పిలిస్తే, శబ్దం వస్తే అటు తిరగకపోయినా, మెడ నిలపకపోయినా, మిమ్మల్ని చూసి నవ్వకపోయినా తొమ్మిదో నెల టీకా దాకా ఆగకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి.