ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో కుర్తీలు అమ్మితే వేరే అకౌంట్, జీఎస్టీ అవసరమా?

హైదరాబాద్‌లో ఉండి వాట్సాప్‌లోనూ, షాపింగ్ యాప్‌లోనూ అమ్ముతున్నానన్నారు కదా. అకౌంట్ మాత్రం తప్పకుండా వేరుగా పెట్టుకోండి, కరెంట్ అకౌంట్ అయితే మేలు. ఇంటి ఖర్చులతో కలిస్తే మార్చిలో లెక్క తేలక టెన్షన్ పడేది మీరే.

చాలామంది పొరబడేది టర్నోవర్ (మొత్తం అమ్మకాల విలువ) దగ్గర. 800 రూపాయల కుర్తీకి కమిషన్, షిప్పింగ్ పోను 640 జమైతే, అమ్మకం 800 అనే రాయాలి. 160 ఖర్చు కింద చూపాలి. కొన్నవాళ్లు తిప్పి పంపిన కుర్తీలు విడిగా రాసుకోండి. ఏ అమ్మకానికి ఎంత కోసి ఎంత జమ చేశారో యాప్ చూపే సెటిల్‌మెంట్ రిపోర్టు నెలనెలా డౌన్‌లోడ్ చేసి దాచండి.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే టర్నోవర్ పరిమితి తెలంగాణలో ఏడాదికి 20 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు. అయితే మీరు విజయవాడకు ఒక్క కుర్తీ అమ్మినా అది వేరే రాష్ట్రానికి అమ్మకమే, టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ కావాలి. అటువైపు తెలిసినవాళ్లే కదా అని పంపేస్తుంటారు, అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఇన్‌కమ్ ట్యాక్స్‌లో చిన్న వ్యాపారులకు వెసులుబాటు ఉంది. యూపీఐ, బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాల్లో కనీసం 6 శాతం, నగదులో 8 శాతం లాభంగా చూపితే పూర్తిస్థాయి పద్దు పుస్తకాలు అడగరు. అయినా సరుకు కొన్న బిల్లులు పారేయకండి.