క్యూఆర్ కోడ్ ఉన్నా కొనేవాళ్లు ఎందుకు నమ్మట్లేదు?

ప్రశ్న: మాది రొయ్యలు, చేపలు శుభ్రం చేసి ప్యాక్ చేసే చిన్న యూనిట్. ప్రతి డబ్బా మీదా క్యూఆర్ కోడ్ వేస్తున్నాం. అయినా కొనేవాళ్లు, సరుకు ఎక్కణ్నుంచి వచ్చిందో రుజువు చూపమంటున్నారు. ఇంకేం చెయ్యాలి?

జవాబు: కోడ్ స్కాన్ చేస్తే సముద్రం ఫొటో, మీ లోగో వస్తే అది ప్రకటన, అంతే. ఆ డబ్బాలో సరుకు ఏ బోటుదో, ఏ చెరువుదో తేలాలి. దానికి ఒడ్డునే రాసుకోవాల్సినవి: బోటు రిజిస్ట్రేషన్ నంబరు, పట్టిన తేదీలు, వల రకం, జాతి శాస్త్రీయ నామం, బరువు, ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సముద్రాలకిచ్చిన ప్రాంత సంఖ్య (పశ్చిమ హిందూ మహాసముద్రానికి 51, తూర్పుదానికి 57). పెంపకం రొయ్యలైతే చెరువు నంబరు, పట్టుబడి తేదీ.

ఈ లెక్క తప్పిపోయేది ఎక్కువగా గ్రేడింగ్ దగ్గరే. మూడు బోట్ల సరుకు ఒకే తొట్టిలో పోసి కౌంట్ (కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క) ప్రకారం ఏరేస్తారు. ఆ తర్వాత ఏది ఎవరిదో చెప్పడం ఎవరివల్లా కాదు. ఒక లాట్ (ఒకే బోటు లేదా చెరువు నుంచి ఒకసారి వచ్చిన సరుకు) పూర్తయ్యాక బల్ల ఖాళీ చేసి రెండోది ఎత్తుకోండి. కలపక తప్పకపోతే కొత్త లాట్ నంబరిచ్చి, అందులోకి ఏ పాత లాట్ నుంచి ఎన్ని కిలోలు వెళ్లాయో రాయండి. కలపడం తప్పు కాదు, రాయకపోవడమే తప్పు. కాకపోతే అందులో ఒక్క బోటు సరుకు చెడినా మొత్తం వెనక్కి తెప్పించాలి. ఇంకో చిన్న సంగతి: లాట్ నంబరు రాసిన ట్యాగ్ క్రేట్ మూతకి కట్టకండి, కడిగేటప్పుడు మూతలు మారిపోతాయి. క్రేట్‌కే కట్టండి. ఐసు నీళ్లకి కాగితం నానిపోతుంది కాబట్టి ప్లాస్టిక్ ట్యాగ్ వాడండి.

తెలిసిన కొనుగోలుదారు ముందు చూసేది బరువు లెక్క. 1000 కిలోల రొయ్యకి తల తీస్తే సుమారు 600–650 కిలోలు మిగులుతాయి. మీ రిజిస్టర్‌లో 750 ఉందంటే బయటి సరుకు కలిసిందనో, నీళ్లలో నానబెట్టారనో, కాటా తప్పనో అనుకుంటారు. గ్లేజింగ్ (సరుకు పైన పట్టించే పల్చటి ఐసు పొర) బరువు విడిగా చూపండి.

నెలకోసారి మీరే పరీక్ష పెట్టుకోండి. కోల్డ్ స్టోర్‌లో ఏదో ఒక డబ్బా తీసి బోటు దాకా వెనక్కి వెళ్లండి. అక్కణ్నుంచి ఆ లాట్ ఎవరెవరికి ఎన్ని కిలోలు వెళ్లిందో ముందుకి రండి. 2022లో ఖరారైన అమెరికా ఎఫ్‌డీఏ (ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) నిబంధనలో, అడిగిన 24 గంటల్లో ఈ రికార్డులు ఇవ్వాలని ఉంది. చిన్న యూనిట్‌కి ఒక పూట చాలాలి.

ప్రశ్న: బ్లాక్‌చెయిన్ (చాలా కంప్యూటర్లలో ఒకేలా దాచే డిజిటల్ రిజిస్టర్) పెడితే ఈ గొడవ తీరుతుందా?

జవాబు: రాసినదాన్ని తర్వాత ఎవరూ దిద్దకుండా ఆపుతుంది. ఒడ్డున తప్పు రాస్తే ఆ తప్పునీ అంతే భద్రంగా దాస్తుంది. జాతి మీద అనుమానముంటే చిన్న ముక్క పంపి డీఎన్‌ఏ పరీక్ష చేయించండి. అదీ ఏ చేపో చెబుతుంది గానీ, ఏ బోటుదో చెప్పదు.